మా తూము దగ్గర 24 టీఎంసీలు ఎంత?
నదుల నీటి లెక్కలు కట్టేవారికి కర్నూలు జిల్లా నుంచి బహిరంగ లేఖ

తుంగభద్ర, కృష్ణా, పెన్నా నదుల నీటి లభ్యతను అంచనా వేసే ఇంజనీర్లకు, జలశాస్త్ర నిపుణులకు, ఆ అంచనాలను ముందు పెట్టుకొని పంపకాలు నిర్ణయించే బోర్డుల సభ్యులకు, రాష్ట్రాల జలవనరుల శాఖల అధికారులకు నమస్కారాలు.

నేను కర్నూలు జిల్లా కోడుమూరు మండలంలో, తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టులో నాలుగెకరాలు సాగు చేసుకునే రైతును. అంతకు ముందు ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పాను. రైతుగా నీటి కోసం కాలువ గట్టున కూర్చున్నప్పుడు కూడా నాలోని పంతులు ఊరుకోడు. ఈ అంకె ఎక్కడిది, దేనితో కొలిచారు, ఎంత తేడా ఉండవచ్చు అని అడుగుతూనే ఉంటాడు. ఆ ప్రశ్నలను ఇన్నాళ్లూ పక్క పొలంవాళ్లతోనే చెప్పుకున్నాను. వాటికి జవాబు చెప్పగలిగినవారు మీరు కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. ఏ రాష్ట్రానికి ఎంత వాటా న్యాయమో తేల్చమని మిమ్మల్ని అడగను. అది ట్రిబ్యునళ్లు, న్యాయస్థానాల పని. వాటా అనే అంకె వెనుక ఉన్న కొలత గురించే అడుగుతాను.

మా కాలువతోనే మొదలుపెడతాను. తుంగభద్ర జలాశయం నుంచి దిగువ కాలువ ద్వారా ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించినది 24 టీఎంసీలు. దాని కింద కర్నూలు జిల్లాలో ఉన్న ఆయకట్టు సుమారు 1.51 లక్షల ఎకరాలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎకరాకు 43,560 చదరపుటడుగులు. భాగహారం చేస్తే 24 టీఎంసీలు ఆయకట్టు మొత్తం మీద మూడున్నర అడుగులకు పైగా లోతున నిలబడాలి. పదో తరగతి పిల్లవాడు రెండు నిమిషాల్లో చేయగలిగిన ఈ లెక్క ప్రకారం మా నేలకు నీటి కరువు అనేదే రాకూడదు. ఆరుతడి పంటలకైతే అందులో సగం చాలు. అయినా నాకు గుర్తున్నంతవరకు మా తూము కింద మిరప వేసినవాడు చివరి రెండు తడులకు బోరునో ట్యాంకరునో నమ్ముకున్న ఏళ్లే ఎక్కువ. మూడున్నర అడుగుల నీరు కాగితం మీద బయలుదేరి పొలానికి చేరేలోపు ఎన్ని చోట్ల ఎంతెంత తగ్గుతున్నదో చెప్పే లెక్క ఒక్కటి కూడా ఇంతవరకు రైతు చేతికి అందలేదు. జలాశయం దగ్గర నుంచి రెండు వందల యాభై కిలోమీటర్ల వరకు కాలువ నిర్వహణ తుంగభద్ర బోర్డు చేతిలో, ఆ తర్వాత రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఒక ఏడాది కాలువకు నీరు వదిలారని పత్రికలో చదివిన రోజు నుంచి మా పిల్లకాలువలో నీరు కనిపించేసరికి రెండు వారాలు దాటింది. ఆ ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో నాకు తెలియదు, ఎవరినీ తప్పుపట్టబోవడం లేదు. నారు ముదిరిపోయిందన్నది మాత్రం నాకు తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తాను. నదిలో నీరెంత ఉన్నదని తేల్చడానికి మీరు వాడే పద్ధతిని మామూలు మాటల్లో చెప్పుకుందాం, తప్పుంటే దిద్దండి. 1969లో ఏర్పడి 1973లో తీర్పు చెప్పిన బచావత్ ట్రిబ్యునల్, కృష్ణా నదికి 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల ప్రవాహాలను ముందు పెట్టుకున్నది. క్లాసులో పిల్లల మార్కులను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాసినట్టు ఆ 78 అంకెలనూ రాసి, పైనుంచి దాదాపు 59వ స్థానం దగ్గర ఆగితే వచ్చేదే 75 శాతం విశ్వసనీయత గల ప్రవాహం, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అంతకు తగ్గకుండా వస్తుందని నమ్మదగిన నీరు. విజయవాడ దగ్గర ఆ అంకె 2060 టీఎంసీలుగా తేలింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 అని పంచారు. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే ఊట నీటిని కూడా కలిపాక అవి 585, 734, 811గా స్థిరపడ్డాయి.

తర్వాత 2004లో ఏర్పడిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 వరకు 47 ఏళ్లను తీసుకున్నది. అదే నది, అదే 75 శాతం, కాని ఈసారి తేలినది 2173 టీఎంసీలు. విశ్వసనీయతను 65 శాతానికి దించితే 2293, సగటు తీస్తే 2578. ఈ అంకెల మధ్య తేడా నుంచే ఆ ట్రిబ్యునల్ 2010లో అదనపు కేటాయింపులు చేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఉత్తర్వుతో తీర్పు గెజెట్ ప్రచురణ ఆగిపోయి, పంపకాలు బచావత్ అంకెల మీదనే సాగుతూ వచ్చాయి. ఎవరి వాదం నెగ్గాలన్నది నేను ఎత్తుకోను. 2060కీ 2173కీ నడుమ ఉన్న 113 టీఎంసీలను ఒకసారి చూడండి. దిగువ కాలువలో మా వాటాకు నాలుగు రెట్లకు పైగా ఉన్న ఆ నీరు వాన ఎక్కువ కురవడం వల్లనే వచ్చిందా, ఏ ఏళ్లను లెక్కలోకి తీసుకున్నామన్న దాని వల్ల వచ్చిందా, పాత కొలతలు, కొత్త కొలతలు వేరు కావడం వల్ల వచ్చిందా? మూడూ కొంత కొంత అయి ఉండాలి. దేని పాలు ఎంతో తేల్చి చెప్పకపోతే ఎక్కువ వచ్చినవాడు అది తన అదృష్టమనుకుంటాడు, రానివాడు మోసమనుకుంటాడు.

కొలత అన్నాను కాబట్టి అక్కడ కొంచెం నిలబడతాను. నదిలో కనిపించే నీరు మొత్తం నది నీరు కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. మా ఊళ్లో ఎనుము ఎన్ని పాలిచ్చిందని అడిగితే చెంబులో కొలిచిన పాలు చూపించి ఊరుకోరు, దూడ ఎంత తాగిందో కూడా కలిపి చెబుతారు. మీరు కూడా నదిని అలాగే లెక్కిస్తారు. కొలత స్థానం దగ్గర పారిన నీటికి ఎగువన కాలువలు మళ్లించుకున్నది, జలాశయాల్లో ఆవిరైనది, నిల్వలో పెరిగినది కలిపి, తిరిగి వచ్చిన ఊటను తీసివేసి, మనిషి చెయ్యి పడకముందు నది ఎంత పారేదో ఊహిస్తారు. పద్ధతి సరైనదే. చిక్కంతా దూడల సంఖ్యలో ఉన్నది. పెద్ద ప్రాజెక్టులు తీసుకున్న నీటికి రిజిస్టర్లు ఉంటాయి. వేల సంఖ్యలో ఉన్న చెరువులు, చెక్‌డ్యాములు, నది ఒడ్డున పెట్టిన మోటార్లు, లక్షల బోరుబావులు తాగినదానికి రిజిస్టరు ఎక్కడ? అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే చోట వేదవతిని, చిత్రావతిని, పెన్నను చూసినవారికి దీని అర్థం తెలుస్తుంది. మేము హగరి అని పిలుచుకునే వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు కట్టి అరవై ఏళ్లు దాటింది, అది నిండిన ఏళ్లను పెద్దలు వేళ్ల మీద లెక్కపెడతారు. వాన తగ్గడమే కారణమంటే సగం జవాబే అవుతుంది. భూగర్భంలో నీరు కిందికి పోయిన కొద్దీ, వానాకాలం ముగిశాక వాగులను నడిపించే ఊట మొదట ఎండిపోతుంది. ఆ ఊట మీ 75 శాతం లెక్కలో పాత ఏళ్ల ప్రవాహంగా ఇంకా బతికే ఉంటుంది, మా ఇసుకలో మాత్రం లేదు.

ఈ సరిహద్దు నదుల మీద ఒప్పందాలు లేకపోలేదు. 1892లో మైసూరు సంస్థానానికీ మద్రాసు ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం ఎగువన కొత్త కట్టడాలు కట్టాలంటే దిగువవారి అనుమతి ముందుగా తీసుకోవాలి. అందులో తుంగభద్రతో పాటు పెన్న, చిత్రావతి, పాపాగ్ని పేర్లు కూడా ఉన్నాయి. అప్పుడు అడ్డుకట్టలను గురించి ఆలోచించారు. నేలలోపలి నీటిని తోడే యంత్రం వస్తుందని, అది ఏ కట్టా కట్టకుండానే నదిని ఆపగలదని అప్పటివారికి తోచే అవకాశం లేదు. ఇప్పుడు మీకు ఉన్నది. నాగలమడక, తాడిపత్రి, చెన్నూరు కొలత స్థానాల్లో పెన్న ప్రవాహాన్ని, టి. రామాపురం దగ్గర హగరిని కేంద్ర జలసంఘం కొలుస్తూ వస్తున్నది. ఆ అంకెల పక్కనే అదే పరీవాహకంలోని భూగర్భ నీటిమట్టాలను ఒకే పట్టికలో పెట్టి చూపితే, ఏ సంవత్సరం నుంచి ఏ వాగు ఊట తెగిపోయిందో మాలాంటివారికి కూడా కనబడుతుంది.

ఇక మిగులు జలాల సంగతి. 75 శాతానికి పైన వచ్చే నీటిని వాడుకునే స్వేచ్ఛ మాత్రమే బచావత్ తీర్పు దిగువ రాష్ట్రానికి ఇచ్చింది, దాని మీద హక్కు పుట్టదని కూడా చెప్పింది. రాయలసీమ ఆశలు చాలావరకు ఆ స్వేచ్ఛ మీదే కట్టుకున్నవి. హంద్రీ-నీవా ప్రాజెక్టు 40 టీఎంసీలు, గాలేరు-నగరి ప్రాజెక్టు 38 టీఎంసీలు వరద నీటిని నమ్ముకొని రూపొందినవే. 2014 పునర్విభజన చట్టం పదకొండో షెడ్యూలులో తెలుగుగంగ, వెలిగొండలతో పాటు వీటి పేర్లూ ఉన్నాయి కాబట్టి ప్రాజెక్టులకు చట్టంలో చోటు దొరికింది. అందులో పారవలసిన నీటికి అంత గట్టి చోటు ఇంకా దొరకలేదు. ఎగువన నిల్వ సామర్థ్యం పెరిగిన ప్రతిసారీ మొదట తగ్గేది ఈ మిగులే. కర్ణాటకలోని భద్ర ఎగువ ప్రాజెక్టుకు 2023-24 కేంద్ర బడ్జెట్‌లో 5,300 కోట్ల రూపాయలు ప్రకటించినప్పుడు సీమలో ఆందోళన రేగింది ఇందుకే. చిత్రదుర్గం రైతు కూడా నాలాగే వాన కోసం ఆకాశం చూసేవాడే, ఆయనకు నీరు రాకూడదని నేను కోరుకోను. ఆ ప్రాజెక్టు వల్ల తుంగభద్ర జలాశయానికి చేరే నీరు మంచి ఏట ఎంత తగ్గుతుంది, చెడ్డ ఏట ఎంత తగ్గుతుంది, ఏ నెలలో తగ్గుతుంది అన్న మూడు అంకెలు రెండు వైపులవారూ ఒప్పుకునే రీతిలో బయట ఉంటే మాత్రం సగం కోపం పుట్టకుండానే ఆగిపోయేది.

ఏ నెలలో అన్న మాట దగ్గర మీ లెక్కతో నాకున్న పెద్ద పేచీ ఉంది. ట్రిబ్యునళ్ల అంకెలన్నీ ఏడాది మొత్తానికి చెప్పినవి. 2009ని గుర్తు చేసుకోండి. ఆ ఏడు నైరుతి రుతుపవనాల వాన దేశం మొత్తం మీద సాధారణం కంటే 22 శాతం తక్కువ. మా వైపు విత్తిన వేరుశనగ కళ్లముందే మాడింది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచేశాయి. ఎగువన కురిసిన వాన, దిగువన శ్రీశైలంలో నిలిచిన నీరు రెండూ నగరాన్ని నడుమ పట్టుకున్నాయి. రెండు రోజుల్లో మా వీధుల మీదుగా పోయిన నీటిని ఏడాది మొత్తంలో కలిపేసి చూస్తే 2009-10 కరువు ఏడుగా కనిపించకపోవచ్చు. ఆగస్టులో లేని నీరు అక్టోబరులో మిద్దెల మీదకు ఎక్కితే దాన్ని లభ్యత అని ఏ రైతూ అనడు. ఉగాది నాడు పంచాంగం చదివే అయ్యవారు కూడా ఈ ఏడు ఇన్ని కుంచాల వర్షమని చెప్పి ఊరుకోరు, సముద్రం మీద ఎన్ని పాళ్లు, కొండల మీద ఎన్ని పాళ్లు, నేల మీద ఎన్ని పాళ్లు అని విడదీసి చెబుతారు. ఆ జోస్యం నిజమవుతుందని నేను నమ్మను గాని, నీరు ఎక్కడ పడుతుందన్నది ఎంత పడుతుందన్నదానితో సమానమైన ప్రశ్న అని గుర్తించిన ఆ పాత బుద్ధిని గౌరవిస్తాను.

ఈ అకాలపు నీటిని కాలానికి తెచ్చేది నిల్వ ఒక్కటే, ఆ నిల్వ లెక్కే మన దగ్గర గజిబిజిగా ఉంది. తుంగభద్ర జలాశయం 1953లో నీరు పట్టడం మొదలుపెట్టినప్పుడు సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. 2008 సర్వేలో 100.855 టీఎంసీలన్నారు. 2016 సర్వేలో 105.788 అన్నారు. ఎనిమిదేళ్లలో పూడిక తనంతట తానే కరిగిపోదు గదా. కొలిచే పద్ధతి మారి ఉంటుంది, కొత్తది మెరుగైనదే అయి ఉంటుంది. కాని రెండు సర్వేల మధ్య తేడా దాదాపు అయిదు టీఎంసీలు, అంటే కర్నూలు-కడప కాలువకు ఆ జలాశయం నుంచి రావలసిన 10 టీఎంసీలలో సగం. ఇంత తేడా కొలతలోనే దాగి ఉన్నప్పుడు ఒక్క టీఎంసీ కోసం జరిగే తగాదాల్లో ఎవరిది సత్యం? జలాశయం నుంచి ఏటా వాడుకోవలసిన 212 టీఎంసీల కేటాయింపు మాత్రం మారలేదు. కర్ణాటకకు 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, ఇప్పుడు తెలంగాణలో ఉన్న రాజోలిబండ కాలువ ఆయకట్టుతో కలిపి, 73.01. గిన్నె చిన్నదైనా వడ్డించవలసిన అన్నం అంతే. వరద వచ్చేటప్పుడే కాలువలు పారితే ఆ లోటు కొంత పూడుతుంది. వరద త్వరగా ఆగిన ఏట ఇండెంటు, అంటే ఇంత నీరు కావాలన్న కోరిక, పెట్టిన ప్రతివాడూ చిన్నబోవలసిందే. 2024 ఆగస్టు 10 రాత్రి పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ నిల్వ ఎంత సన్నని గొలుసు మీద వేలాడుతున్నదో అందరికీ తెలిసింది. వారం రోజుల్లో అడ్డుపలకలు దించి నీటిని నిలిపిన పనివారికి, ఇంజనీర్లకు నా వంతు దండం ఇక్కడ పెడుతున్నాను.

కర్నూలు-కడప కాలువ, అదే కేసీ కాలువ, కథ ఇంకా విచిత్రం. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ పడవలు కూడా నడపవచ్చుననే ఆశతో తవ్వించి, నష్టపోయి, 1882లో ప్రభుత్వానికి అమ్ముకున్న కాలువ అది. కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప దాకా పోయే ఆ కాలువ కింద 2.65 లక్షల ఎకరాలున్నాయి. పాత వాడకానికి రక్షణ ఇవ్వాలనే సూత్రంతో బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు కాపాడింది. అందులో 10 జలాశయం నుంచి, మిగిలిన 29.9 దాని దిగువన నదిలో చేరే నీటి నుంచి రావాలి. కాలువ తల దగ్గర ఉన్న సుంకేసుల బ్యారేజీ పట్టేది 1.2 టీఎంసీలు. ఇంత పాత హక్కుకు, ఇంత చిన్న కుండ. జూలైలో నది పొంగి పారుతుంటే హక్కు నిండుగా ఉంటుంది, డిసెంబరు వచ్చేసరికి హక్కుదారు కర్నూలు వంతెన మీద నిలబడి ఇసుక చూస్తాడు. గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కట్టాలన్న కోరిక ఇందులోంచి పుట్టినదే. దాని ముంపు, దాని ఖర్చు, తెలంగాణ అభ్యంతరం వేరే చర్చ. 29.9 టీఎంసీలలో నెలవారీగా ఎంత నీరు నిజంగా సుంకేసులకు చేరుతున్నదో ముప్పై ఏళ్ల పట్టిక ముందు పెట్టి ఆ చర్చ మొదలుపెడితే బాగుంటుందన్నది నా మాట. శ్రీశైలంలో ఇదే సమస్య అడుగుల్లో కనబడుతుంది. పూర్తి మట్టం 885 అడుగులు, అక్కడి నుంచి రాయలసీమకు నీరు మళ్లించే పోతిరెడ్డిపాడు తూము అడుగు 841. జలాశయంలో నీరుండవచ్చు, తూముకు అందకపోవచ్చు. అందని నీటిని లభ్యమైన నీటిలో కలిపి చూపే పట్టిక మాకు ఎందుకు పనికొస్తుంది?

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడికను సీమలో ఇప్పటికీ ప్రతి సభలో తలుస్తారు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీటిలో రాయలసీమకు, నెల్లూరుకు మొదటి పదేళ్లు ప్రాధాన్యం ఇస్తామని అందులో పెద్దలు మాట ఇచ్చారు. ఆ సభల్లో నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి వచ్చి చదువుకుంటే అందులో అంకె ఎక్కడా కనిపించలేదు. పెద్దమనుషుల ఒప్పందానికి మాట ఉన్నది, కొలత లేదు. ఆ తర్వాత వచ్చిన ట్రిబ్యునళ్లు కొలత ఇచ్చాయి. ఆ కొలతకు చోటు, తేదీ లేవు. ఫలానా తూము దగ్గర, ఫలానా వారంలో, ఇన్ని క్యూసెక్కులు (సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు) అని చెప్పగలిగిన రోజున రైతు దాన్ని హక్కు అంటాడు. దానికి కావలసినవన్నీ మీ చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి నేను కోరేవి చాలావరకు కొత్త ప్రాజెక్టులు కావు, పైసా ఖర్చు లేనివి కూడా ఉన్నాయి.

ప్రతి ఏడూ వానాకాలం ముందు తుంగభద్రకు ఎంత నీరు వస్తుందో అంచనా కట్టి, దాని దామాషాలో రాష్ట్రాలకు, కాలువలకు పంచుతారు. ఆ అంచనా ఒకే అంకెగా బయటికి వస్తుంది. లోపల మీ దగ్గర కాగితాల మీద తక్కువలో తక్కువ, మధ్యస్థం, ఎక్కువలో ఎక్కువ అని మూడు ఉంటాయి, ఉండాలి. ఆ మూడింటినీ మాకు చెప్పండి. తక్కువ అంకె వస్తే కొర్ర, కంది, వేరుశనగ. మధ్యస్థమైతే మిరప, పత్తి. మూడో అంకె వస్తేనే వరి అని మేము మా పొలం ముందు మేమే నిర్ణయించుకోగలం. ఒక్క అంకె చెబితే తల దగ్గరివాడు దాన్ని వాగ్దానంగా తీసుకొని వరి నారు పోస్తాడు, ఆ తర్వాత అంచనా దిగితే వాడి మడిని ఎండబెట్టే ధైర్యం ఏ అధికారికీ ఉండదు, ఎండేది చివరివాడి చేను.

కొలత పరికరం మీద కూడా ఒక మాట. ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. అదే తుంగభద్ర జలాశయం నుంచి వచ్చే, 4,000 క్యూసెక్కుల సామర్థ్యం గల ఎగువ కాలువలో కొలత నూటికి అయిదు తప్పితే అది 200 క్యూసెక్కులు. ఎనిమిది వారాలు అలాగే సాగితే ఒక టీఎంసీ లెక్కలో పుడుతుంది లేదా మాయమవుతుంది. ఎగువ కాలువ నీరు అనంతపురానికి తాగునీరు కూడా. కర్ణాటకలో నూటఐదు కిలోమీటర్లు నడిచి సరిహద్దు దాటే చోట కొలత మీద ఏటా ఇద్దరి మధ్య మాటలు నడుస్తాయి. సరిహద్దు దగ్గర స్వయంచాలిత కొలత యంత్రం పెట్టి, దాన్ని ఇద్దరూ కలిసి ఏడాదికి రెండుసార్లు సరిచూసి, గంట గంటకూ అంకెను అందరికీ కనిపించేలా పెడితే ఆ తగాదాకు తిండి ఉండదు. నదీ పరీవాహకాలవారీగా సమాచార నిధిని కేంద్రం నిర్వహించాలని అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టంలో 2002 సవరణతో చేరిన 9ఎ సెక్షన్ చెబుతున్నది. చట్టం అడుగుతున్నదాన్నే నేనూ అడుగుతున్నాను. కాకపోతే ఆ నిధిలోని అంకెలు తెలుగులో, కన్నడంలో, ఎకరాలకూ రోజులకూ మార్చి కావాలంటున్నాను. బావాపురం కొలత స్థానంలో తుంగభద్ర ఎంత పారిందో వెబ్‌సైటులో వెతికి పట్టుకోవడానికి నాకు ఒక పాత విద్యార్థి సాయం పట్టింది. లెక్కల పంతులుకే ఇంత కష్టమైతే పక్క చేనివాడి మాటేమిటి?

మా తప్పులను దాచుకొని మీ తప్పులను మాత్రమే ఎత్తిచూపడం న్యాయం కాదు. కాలువ గట్టు వెంబడి రాత్రిపూట మోటార్లు దించేది మా వాళ్లే. ఆరుతడికి ఒప్పుకొని వరి నాటేదీ మేమే. కాలువ కాపలా చూసే లస్కర్లు తగ్గిపోయి తూములకు తాళం వేసేవాడు లేకపోతే, పైవాడు తలుపు ఎత్తి పెట్టుకుంటున్నాడని తెలిసి కూడా, రేపు మన వంతు వస్తుందిలే అని నోరు మూసుకున్న నీటి సంఘాలు ఉన్నాయి, ఒకదానిలో నేనే సభ్యుణ్ణి. మేము మారాలి. కాని పక్క తూముకు ఎంత పోయిందో, తన తూముకు ఎంత రావాలో తెలియనివాణ్ణి క్రమశిక్షణగా ఉండమనడం గడియారం లేని ఊళ్లో పిల్లలను సరిగ్గా తొమ్మిదికి బడికి రమ్మనడం లాంటిది.

ఉద్యోగ విరమణ తర్వాత రెండు ఖరీఫ్‌లు, రెండు రబీలు మా తూము గోడ మీద అంగుళాల గుర్తులు పెయింటు వేసి, పొద్దున, సాయంత్రం నీటిమట్టం రాసి పెట్టాను. నేను ఊళ్లో లేని రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు రాశారు. వాళ్ల అంకెలు నా అంకెల కంటే శుభ్రంగా ఉన్నాయి. కాలువకు నీరు వదిలిన తేదీ, మా దగ్గరకు చేరిన తేదీ, తెగిన తేదీ, నడుమ ఎన్ని రోజులు గుర్తు కిందికి పోయిందో అన్నీ అందులో ఉన్నాయి. అది శాస్త్రీయమైన కొలత అని చెప్పను. తూము వెడల్పు నేనే టేపుతో కొలిచాను, వేగం కొలవడానికి నా దగ్గర ఉన్నది ఒక బెండు ముక్క, చేతి గడియారం. మీ లెక్కతో దీన్ని పోల్చి చూడాలని ఉంది. మీలో ఎవరైనా ఈసారి కాలువ తనిఖీకి కోడుమూరు వైపు వస్తే, తల నుంచి వదిలిన నీటి రోజువారీ పట్టిక ఒక ప్రతి వెంట తీసుకురండి. నా నోటు పుస్తకం తూము దగ్గరే ఇస్తాను, అక్కడే గట్టు మీద కూర్చొని రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టు రైతు,
కోడుమూరు మండలం, కర్నూలు జిల్లా